ఊక ఊదిన చోటు

ఆ సాయంత్రం బస్సు ఎల్బీనగర్ చౌరస్తాకి అరకిలోమీటరు ముందే ఆగిపోయింది. ప్రత్యేక రాష్ట్రం కోసం సభ అని కండక్టర్ చెప్పాడు. ఆ రోజుల్లో బందో, ర్యాలీనో, రోడ్డు మీద వంటావార్పో వారానికి ఒకటైనా ఉండేది. చైతన్యపురిలో ఓ కోచింగ్ సెంటర్లో పొద్దుటి నుంచి బోటనీ చెప్పి గొంతు పోగొట్టుకుని, ఇలాంటిది ఏదో ఒకటి దాటుకుని ఇంటికి చేరడం నాకు అలవాటే. చౌరస్తా దాటి లోపలికి పది నిమిషాలు నడిస్తే మా కాలనీ. తిట్టుకుంటూ బస్సు దిగాను.

వేదిక మీద ఎవరో నాయకుడు మాట్లాడి కూర్చున్నాడు. పల్లీలు కొనుక్కోవడానికి లేచిన జనం, డప్పు మోగేసరికి పరుగున వెనక్కి వచ్చి చోట్లు పట్టుకున్నారు. అది ఎన్నోసార్లు చూశాను. ఉపన్యాసానికి లేచిపోయేవాళ్లను పాట కూర్చోబెట్టేది. ఆ ఉద్యమంలో ఏ నాయకుడు ఏం మాట్లాడాడో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. పాటలు మాత్రం వద్దన్నా చెవిలో దూరి కూర్చునేవి. మా క్లాసులో పిల్లలు కణ విభజన బొమ్మ గీస్తూ కూడా అవే పాడేవాళ్లు.

పాట మొదలైంది. నేను పట్టించుకోకుండా జనాన్ని తోసుకుంటూ పోతున్నాను.

"మా బాయి గిరక మీద..." అని గొంతులన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఒక్క ఊపిరి తీసేంతసేపు. ఆ ఖాళీలో డప్పు మీద ఒకే ఒక్క దెబ్బ పడింది. "...ఎవని తాడురో" అని మళ్లీ అందరూ అందుకున్నారు.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ రాగం నాకు తెలుసు. ఆ ఆగడం కూడా తెలుసు. అది మా అమ్మ ఊక ఊదే చోటు.

మా అమ్మది కృష్ణా జిల్లాలో ఓ పల్లె. పెళ్లై నాన్నగారి ఉద్యోగంతో హైదరాబాదు వచ్చేసినా, బియ్యం మాత్రం ఏటా ఊరి నుంచే తెప్పించుకునేది. ఆ బియ్యంలో ఊకా, మెరికలూ ఉండేవి. చేట పట్టుకుని మేడ మీద నీడలో కూర్చుని చెరుగుతూ సన్నగా ఓ రాగం తీసేది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో దంపుళ్ల దగ్గర ఆడవాళ్లు పాడుకునే పాటట. "మాటలన్నీ పోయాయే, రాగమే మిగిలింది" అనేది. చరణం మధ్యలో, ఊకంతా చేట అంచుకి చేరిన క్షణాన, రాగం ఆపి "ఉఫ్" అని ఊదేది. మళ్లీ అందుకునేది. ఎప్పుడూ అదే చోట. పుట్టినప్పటి నుంచీ విన్నాను కాబట్టి, ఆ ఉఫ్ లేని ఆ రాగం నాకు తెలియదు.

నాన్నగారు ఉన్నన్నాళ్లూ, "ఆ కూనిరాగాలేంటి, టీవీ వినబడి చావట్లేదు" అని కసిరేవారు. అందుకే ఆవిడ మేడ మీదికి పోయేది. ఆయన పోయాక కూడా మేడ మీదే పాడుకునేది. ఇల్లంతా వెతికినా ఆ రాగం తప్ప మా అమ్మకి తనదంటూ ఇంకేమీ ఉండేది కాదు. చీరలు కూడా మేం ఎంచినవే కట్టేది.

అదిప్పుడు చౌరస్తాలో వేల గొంతులు పాడుతున్నాయి. మడమలెత్తి వేదిక వైపు చూశాను. భుజాన నల్ల గొంగడి, కాళ్లకి గజ్జెలు, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ముందుండి పాడుతున్నది మా మేడ మీద గదిలో అద్దెకుండే మాస్టారు.

ఆయనది నల్గొండ దగ్గర ఊరు. ఓ చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేవాడు. సెలవొస్తే నలుగురైదుగురు మిత్రులతో కలిసి ఉద్యమ సభలకి పాడటానికి పోయేవాడు. రాసేదీ ఆయనే, పాడేదీ ఆయనే. మెత్తని మనిషి. మేడ ఎక్కేటప్పుడు మా తలుపు ముందు చెప్పుల చప్పుడు కూడా కాకుండా నడిచేవాడు. అలాంటి మనిషి ఆ వేదిక మీద గర్జిస్తుంటే నోరు తెరుచుకుని చూస్తున్నాను. అప్పుడొచ్చింది మూడో చరణం.

"మూటాముల్లె కట్టుకోని... బైలెల్లురో,
తాడు తీసి సుట్టుకోని... నీ తొవ్వ వట్టురో."

జనం ఈలలు వేశారు. నా పక్కన ఓ పెద్దావిడ నా భుజం మీద చెయ్యేసి, "మంచిగ జెప్పిండు గద బిడ్డా" అంది. అవునన్నట్టు నవ్వాను. నవ్వక ఏం చెయ్యను? నా యాస ఆవిడకి తెలియకూడదని నోరు విప్పలేదు. పుట్టి పెరిగిన ఊళ్లో నోరు విప్పడానికి భయపడటం అదే మొదటిసారి.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. నాకసలే ముక్కు మీద కోపం. అమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది.

"అమ్మా, నీ బియ్యప్పాట మేడ మీద మాస్టారు కాజేశాడు. చౌరస్తాలో పాడుతున్నాడు" అన్నాను.

అమ్మ తలెత్తి సిగ్గుగా నవ్వింది. "కాజేయడమేంటే? నేనేగా ఇచ్చింది" అంది.

నేను చెప్పు విప్పబోతున్నదాన్ని అలాగే ఒంటికాలి మీద నిలబడిపోయాను.

అప్పుడు చెప్పింది మొత్తం. నేను కోచింగ్‌కి పోయాక రోజూ జరుగుతున్న సంగతి. మాస్టారు పాట కట్టే పద్ధతి ఏంటంటే, ముందు జనం నోట్లో ఉన్న రాగం ఒకటి పట్టుకుంటాడట. ప్లాస్టిక్ బకెట్ బోర్లించి, దాని మీద దరువేస్తూ, మాటలు లేకుండా తానెతందాన అని పదిసార్లు పాడుకుంటాడట. ఆ తర్వాతే మాటలు. మేడ మీద అమ్మ కూనిరాగం విని, "అమ్మా, జర మళ్ల పాడుండ్రి" అని దణ్ణం పెట్టి అడిగాడట. అమ్మ ఉత్త చేతులతో పాడబోతే రాగం రాలేదట. కిందికి దిగి చేట తీసుకెళ్లి, గుప్పెడు బియ్యం పోసుకుని చెరుగుతూ పాడితే వచ్చిందట. వారం రోజులు నేర్పిందట. రెండో పాదంలో ఆయన గొంతు తప్పుతుంటే చేట పక్కన పెట్టి దిద్దిందట.

"నన్ను పాడమని అడిగినవాళ్లు ఎవరే ఇంతవరకూ?" అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అంది. నాకు సూది గుచ్చుకున్నట్టయింది. ముప్పై రెండేళ్లు పక్కనే ఉన్నాను. నేనూ అడగలేదు.

"ఎంతమంది ఉన్నారే? అందరూ పాడారా?" అంది మళ్లీ. కళ్లు మెరిసిపోతున్నాయి. ఆవిడ ముఖం అలా వెలగడం నేను అంతకు ముందు చూసింది లేదు.

ఆ ముఖం చూసి ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. అది ఇప్పటికీ నన్ను కాల్చుతూనే ఉంది.

"పాడారు. ఏమని పాడారో కూడా విను" అని మూడో చరణం పాడి వినిపించాను. చదివి వినిపించలేదు, పాడాను. ఆవిడ రాగంలోనే, ఆవిడ ఆగే చోట ఆగి మరీ.

అమ్మకి మాస్టారు మొదటి రెండు చరణాలే వినిపించాడట. మూడోది తర్వాత కట్టాడు. ఆవిడ చేతిలో చిక్కుడుకాయ సగం వలిచి ఆగిపోయింది.

"మనల్నా?" అంది.

"ఇంకెవర్ని? మనల్నే."

అమ్మ గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు మేడ మీద బియ్యం చెరిగింది. చేట చప్పుడు వినిపించింది. రాగం లేదు. ఉఫ్ అని ఊదడం మాత్రం వినిపించింది, ఏ రాగానికీ సంబంధం లేకుండా.

ఆ ఆదివారం పొద్దున మేడ ఎక్కి మాస్టారు గది ముందు నిలబడి గొంతు చించుకున్నాను. మా ఇంట్లో ఉంటూ మమ్మల్నే పొమ్మంటారా, మా అమ్మ పాటతోనే మా అమ్మని తిడతారా అని నోటికొచ్చినట్టు అన్నాను. ఎదురు మాట్లాడతాడనుకున్నాను. ఆయన ముఖం మాడిపోయింది. కిందికి వచ్చి అమ్మ ముందు నేల మీద కూర్చున్నాడు.

"గది మిమ్మల్ని గాదమ్మా" అన్నాడు. "మా నీళ్లు, మా కొలువులు ఎత్కపోయిన పెద్దోళ్లను అన్న. మిమ్మల్ని మనసుల వెట్టుకోని రాయలే. ఒట్టు."

"మరి ఎవర్ని అనుకుంటారు మాస్టారూ జనం?" అంది అమ్మ. "పెద్దవాళ్లకి మూటాముల్లె ఎందుకు, కార్లుంటాయి. మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది మేమే కదా. ఈ గోడలు కడుతుంటే నీళ్లు పట్టింది నేనే."

ఆయన తల దించుకున్నాడు.

"ఇంకోటి కూడా ఉంది మాస్టారూ" అంది అమ్మ నెమ్మదిగా. "పాదం మధ్యలో అందరూ ఆగుతున్నారట కదా. అమ్మాయి చెప్పింది. మీరు నా దగ్గర పాడినప్పుడు ఊపిరి కోసం ఆగారనుకున్నాను. అక్కడ ఆగక్కర్లేదు. పాటలో అది లేదు. అక్కడ నేను ఊక ఊదుకుంటాను."

మాస్టారు కళ్లు పెద్దవి చేసుకుని ఆవిడ వైపే చూశాడు. "ఏందమ్మా? గది బాణీ గాదా?"

"కాదు బాబూ. ఊక."

"అయ్యో! ఆదిలాబాద్ కాడికెళ్లి నల్గొండ దాక అందరం గాడనే ఆగుతున్నం గదమ్మా! ఆ దెబ్బ కొట్టెతందుకు మా డప్పు తమ్ముడు పది దినాలు ప్రాక్టీస్ జేసిండు!"

అంత కోపంలోనూ నాకు నవ్వు ఆగలేదు. ఆయనా నవ్వబోయి అమ్మ ముఖం చూసి మానేశాడు. అమ్మ నవ్వలేదు. లేస్తూ మాస్టారు ఒకటే మాట అన్నాడు. "మూడో చరణం ఇంక నా నోట రాదమ్మా. మీరు నమ్మకుంటే అక్కను వొచ్చి ఇనమనుండ్రి."

నేను ఊరుకునే రకం కాదు. పది రోజుల తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో సభ ఉంటే నిజంగానే వెళ్లాను. హాస్టల్ పిల్లలు, బడి పంతుళ్లు, గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి తలగుడ్డలతో అలాగే వచ్చేసిన హమాలీలు, రోడ్డంతా మనుషులే. మాస్టారు పాట మొదలుపెట్టగానే వంత అక్కర్లేకుండా జనమే అందుకున్నారు. రెండు చరణాలు అయ్యాయి. ఆయన నా వైపు ఒకసారి చూసి, మూడోది వదిలేసి సరాసరి పల్లవికి వచ్చాడు.

జనం రాలేదు. మూడో చరణం వాళ్లే ఎత్తుకున్నారు. "మూటాముల్లె కట్టుకోని..." అని ఆగి, డప్పు దెబ్బ పడకపోతే చప్పట్లతో ఆ దెబ్బ వాళ్లే కొట్టుకుని, "...బైలెల్లురో" అని పాడారు. మాస్టారు రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు, ఆపమని. ఇంకా గట్టిగా పాడమంటున్నాడనుకున్నారు. ఇంకా గట్టిగా పాడారు. మైకు పట్టుకుని నిలబడ్డ మనిషిని, ఆ పాట రాసిన మనిషిని, అక్కడ వినేవాడు లేడు. కవికి అంత బలం ఉంటుందనీ, ఆ బలం అంత తొందరగా చెయ్యి దాటిపోతుందనీ నాకు అప్పటిదాకా తెలియదు. భయం వేసింది. ఆయన్ని చూస్తే జాలి కూడా వేసింది.

వేదిక దిగి గొంగడితో ముఖం తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "నేను ఇడిచిపెట్టిన. మీరే జూసిండ్రు గదక్కా. ఆల్లు ఇడుస్తలేరు. ఇగ నేనేం జెయ్యాలె, మీరే జెప్పుండ్రి" అన్నాడు. చెరుకురసం తాగుదాం రమ్మన్నాను. ఇద్దరం నిలబడి తాగాం.

ఇంటికి రాగానే అమ్మ, "తీసేశాడా?" అంది.

"తీసేశాడు" అన్నాను. అబద్ధం కాదు.

సరేనంది. అయినా రాగం తిరిగి రాలేదు. ఆ నెలా రాలేదు, ఆ ఏడూ రాలేదు. "పాడుకోవచ్చు కదమ్మా" అని ఒకసారి అంటే, "ఏదీ, మర్చిపోయాను" అంది. చరణం కట్టింది మాస్టారే. కానీ మా అమ్మ చెవిలో పోసింది నేను. ఆయన పాట వేలమందికి చేరింది. నేను పాడింది ఒక్కరి కోసం, నొప్పించడానికి. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

రాష్ట్రం వచ్చింది. మమ్మల్ని పొమ్మని ఎవరూ అనలేదు. ప్రకటన వచ్చిన రోజు మాస్టారు మిఠాయి డబ్బాతో మేడ దిగి వచ్చి ముందు అమ్మ కాళ్లకి మొక్కాడు. అమ్మ మైసూర్‌పాక్ ముక్క నోట్లో వేసుకుని, "ఇక ఏం పాడతారు మాస్టారూ?" అంది. ఆయన తెల్లబోయాడు. "అదే సమజైతలేదమ్మా" అన్నాడు. కొన్నాళ్లకి సర్కారు కళాబృందంలో ఉద్యోగం వచ్చి, నాగోల్‌లో చిన్న ఫ్లాట్ తీసుకుని వెళ్లిపోయాడు. మూడో చరణం దానంతట అదే పోయింది. గెలిచినవాళ్లకి దానితో పనిలేకపోయింది. తర్వాత కొన్నేళ్లకి పాట మొత్తం పోయింది. మా ఇంట్లోకి శుభ్రం చేసిన సంచి బియ్యం వచ్చాయి. చేట అటక ఎక్కింది.

ఇది జరిగి పదేళ్లు దాటింది. మొన్నామధ్య ఒక పొద్దున స్నానం చేసి జడ వేసుకుంటుంటే వీధిలోంచి ఆ రాగం వినిపించింది. అమ్మ ఇంకా నిద్ర లేవలేదు. తడి జుట్టుతోనే గేటు దగ్గరికి పరుగెత్తాను. చెత్త బండి. దాని మీద చిన్న మైకు.

"తడిది ఒక్క డబ్బలోన..." ఆగింది. డప్పు దెబ్బ పడింది. "...పొడిది ఒక్కటిలో."

డ్రైవర్ "మేడం, చెత్త" అని రెండుసార్లు అరిచినా నాకు చెవికెక్కలేదు. బండి వెళ్లిపోయాక మాస్టారికి ఫోన్ చేశాను. ఎవరో పాట కాజేశారని చెప్పడానికి చేశాను, ఈసారి ఆయన తరఫున కోపంతో.

ఆయన మొత్తం విన్నాడు.

"నేనే రాసినక్కా" అన్నాడు. "చెత్త గురించి పాట గావాలె అన్నరు పై ఆఫీసర్లు. రెండు దినాలల్ల ఇయ్యాలె. ఎంత గుంజుకున్నా ఇంకో బాణీ రాలే. నౌకరి గదా."

"ఆ పాటనా మాస్టారూ! చెత్త బండి మీదనా!"

"ఏం జెయ్యాలె అక్కా. మా గల్లీల బండి వొస్తె నేను తలుపు తియ్య." మళ్లీ ఆగి అన్నాడు. "నడుమ ఆగేది మాత్రం అట్లనే ఉంచిన. తియ్యబుద్ధి గాలే. అమ్మకు జెప్పకుండ్రి."

"బండి రోజూ మా గేటు ముందే ఆగుతుంది. చెప్పడమెందుకు?" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

అమ్మకి ఇప్పుడు ఎనభై దాటాయి. మోకాళ్లు సహకరించవు, చెవులు బాగానే ఉన్నాయి. పొద్దుట ఎండ కోసం గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. మర్నాడు బండి వచ్చే వేళకి నేను కావాలనే చెత్త డబ్బా పట్టుకుని ఆవిడ పక్కన నిలబడ్డాను. వింటే ఏమైపోతుందో అని నా భయం.

బండి వచ్చింది. "తడిది ఒక్క డబ్బలోన..." అని ఆగింది.

అమ్మ పెదవులు సున్నాలా చుట్టి, "ఉఫ్" అంది.

ఒళ్లో చేట లేదు, బియ్యం లేవు. రెండు చేతులూ మాత్రం గాల్లో కొంచెం లేచి ఉన్నాయి. నేను ఆ చేతుల్నే చూస్తూ నిలబడ్డాను. డ్రైవరే దిగి నా చేతిలో డబ్బా తీసుకుని ఖాళీ చేసి ఇచ్చాడు. బండి మలుపు తిరిగింది, మైకు దూరమైపోయింది. అమ్మ మాత్రం ఆపలేదు. కళ్లు మూసుకుని, వణుకుతున్న గొంతుతో, పాటని మైకు వదిలిన చోటు నుంచి అందుకుంది. పదేళ్లకి పైగా మా ఇంట్లో వినపడని రాగం. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే మాటలు వినిపించాయి.

"మూటాముల్లె కట్టుకోని... ఉఫ్... బైలెల్లురో..."

మాస్టారు ఆ చరణం ఆవిడ ముందు ఎప్పుడూ పాడలేదు. ఊరంతా దాన్ని మర్చిపోయింది. ఆవిడ ఒక్కసారే విన్నది, వరండాలో చిక్కుడుకాయలు వలుస్తూ, నా నోట.

రెండు పాదాలూ పూర్తిచేసి కళ్లు తెరిచింది. నన్ను చూసి చిన్నపిల్లలా నవ్వింది.

"మాటలు సరిగ్గానే ఉన్నాయా?" అంది.

ఉన్నాయని తల ఊపాను.